రొయ్య దవడ, రొయ్య కాలు ఒకటే అవయవం ఎట్లా అవుతాయి?

బుగ్గవంక, కడప

అందరికీ నమస్కారం. నేను కడపలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన వారం ప్రాక్టికల్స్‌లో మాకు రొయ్య ఉపాంగాలు విడదీసి అట్ట మీద వరుసగా అంటించే పని పెట్టారు. ఫోర్సెప్స్‌తో ఒక్కొక్క దాన్ని మొదలు దగ్గర పట్టుకుని విరగకుండా లాగాలి, చేసినవాళ్ళకు తెలుసు ఎంత ఓపిక కావాలో. తలకు 5 జతలు, ఛాతీకి 8, పొట్టకు 6, మొత్తం 19. నాకు రెండు గంటలు పట్టింది. అన్నీ అంటించాక అట్ట వంక చూసుకుంటే చాలా సంతోషం వేసింది. మీసాల నుంచి తోక రెక్క దాకా ఒక వరుసలో పడుకుని ఉన్నాయి.

అప్పుడు మేడమ్ వచ్చి చూసి, "ఇవన్నీ సీరియల్ హోమాలజీకి ఉదాహరణ, ఒకే అవయవానికి 19 రూపాలు" అన్నారు. రికార్డులో రాసుకున్నాను. కానీ ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచన. మాండిబుల్, అంటే దవడ, చూస్తే చిన్న రాయి ముక్కలాగా గట్టిగా ఉంది, నమలడానికి పళ్ళు ఉన్నాయి. ఈదే కాలు చూస్తే పల్చటి ఆకు, అంచున వెంట్రుకలు. ఈ రెండూ ఒకటే అంటే ఏ లెక్కన ఒకటి?

పదో తరగతిలో నిర్మాణసామ్య అవయవాలు అని గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, మనిషి చెయ్యి చదువుకున్నాం. అది అర్థమైంది, ఎందుకంటే అక్కడ జంతువులు వేరు, వాటన్నిటికీ వెనక ఒక పూర్వీకుడు ఉన్నాడు. ఇక్కడ ఉన్నది ఒకే రొయ్య. ఆ రొయ్య దవడకూ దాని కాలుకూ పూర్వీకుడు ఎవరు?

ఇంకొకటి. మొన్న ఆదివారం నాన్నతో మటన్ అంగడికి పోయినప్పుడు అంగడన్న పొట్టేలును కొడుతుంటే అక్కడే నిలబడి చూశాను. వెన్నెముక పొడవునా ఒక్కొక్క పూస, పూసకొక పక్కటెముక, ముందు కాళ్ళు ఒక పక్క, వెనక కాళ్ళు ఒక పక్క. ఇవి కూడా సీరియల్ హోమాలజీ కిందికే వస్తాయా? వస్తే, చెయ్యి కాలు నుంచి వచ్చిందా, కాలు చెయ్యి నుంచి వచ్చిందా?

ఐదు మార్కులకు రాసే జవాబు నా దగ్గర ఉంది. నాకు అర్థం కావాలి, అందుకే అడుగుతున్నా.

పడుగు పేక, అనంతపురం

అమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను. "దవడకూ కాలుకూ పూర్వీకుడు ఎవరు" అన్న నీ ప్రశ్నలోనే అసలు విషయమంతా ఉంది, దాన్ని వదలొద్దు.

ముందు ఆ అట్ట మళ్ళీ బయటికి తియ్యి, హ్యాండ్ లెన్స్ ఉంటే తెచ్చుకో. పొట్ట కాళ్ళలో మూడో జతను చూడు. మొదట్లో రెండు కణుపుల పొట్టి కాడ, ఆ కాడ చివర నుంచి రెండు కొమ్మలు, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. ఇది మనసులో పెట్టుకుని ఛాతీ వైపు రా. అక్కడ మొదటి మూడు జతలు నోటికి సాయపడే కాళ్ళు, వాటినే మాక్సిల్లిపెడ్లు అంటాం. మూడో మాక్సిల్లిపెడ్‌లో కూడా అదే కాడ, అవే రెండు కొమ్మలు, కాకపోతే లోపలి కొమ్మ బాగా పొడుగై కాలులా కనిపిస్తుంది, బయటిది సన్నటి కొరడా. దాని పక్కన నడిచే కాలు చూడు, కాడ ఉంది, లోపలి కొమ్మ ఉంది, బయటి కొమ్మ లేదు. ఇప్పుడు మాండిబుల్. నువ్వు రాయి ముక్క అన్నావే, దాని పక్కన మూడు కణుపులతో వేలెడంత కూడా లేని చిన్న ముక్క అంటుకుని ఉండాలి, తీసేటప్పుడు విరగకపోతే. దాన్ని పాల్ప్ అంటాం. కాడ మొదటి కణుపు లావెక్కి, గట్టిపడి, పళ్ళు తేలి దవడ అయింది, ఆ పాల్ప్ మిగిలిన కాలు. చాలామంది పిల్లలు దాన్ని చెత్త అనుకుని ఫోర్సెప్స్‌తో దులిపేస్తారు. దవడా కాలూ ఒకటే అని చెప్పే సాక్ష్యం ఆ ముక్కే, అది పోతే బొమ్మ చూసి నమ్మాల్సిందే.

కాబట్టి "ఒకటే" అన్నది పని గురించి కాదు, ఆకారం గురించి కూడా కాదు. ఏ భాగాలతో మొదలైంది, ఏ వరుసలో అమరింది, దాని గురించి. రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు అనాటమిస్టు 1843లో హోమాలజీకి నిర్వచనం ఇచ్చినప్పుడే ఆకారం ఎంత మారినా, పని ఎంత మారినా అదే అవయవం అన్నాడు. 1848లో దాన్ని మూడు రకాలు చేశాడు, అందులో ఒకటి ఈ సీరియల్ హోమాలజీ, అంటే ఒకే ఒంట్లో వరుసగా మళ్ళీ మళ్ళీ వచ్చే భాగాల మధ్య ఉండే సంబంధం. ఓవెన్ దృష్టిలో అదొక ఆదర్శ నమూనా. 1859లో డార్విన్ వచ్చి, అది నమూనా కాదు చరిత్ర అన్నాడు.

పూర్వీకుడి సంగతికి వస్తే, ట్రైలోబైట్లు అనే, ఎప్పుడో అంతరించిన సముద్ర జీవుల శిలాజాలు చూడు. మీసాల జత తరవాత, తల నుంచి తోక దాకా ఉన్న కాళ్ళన్నీ దాదాపు ఒకే అచ్చు, అన్నీ రెండు కొమ్మలవే. రొయ్యల పూర్వీకులు కూడా ఇట్లా ఒకే రకం కాళ్ళు వరుసగా ఉన్న జీవులే. అందులో ముందు జతలు నోటి దగ్గరికి చేరి నమలడానికి, మధ్యవి నడవడానికి, వెనకవి ఈదడానికి పనికొచ్చేట్టు కోట్ల ఏళ్ళలో విడిపోయాయి. ఇప్పటి నడిచే కాలు నుంచి దవడ రాలేదు, దవడ నుంచి కాలూ రాలేదు. రెండిటి వెనకా ఉన్నది ఆ పాత మామూలు కాలు. గబ్బిలానికీ మనిషికీ ఒక పూర్వీకుడు ఉన్నట్టు ఇక్కడ కాలుకు పూర్వీకుడైన కాలు ఉంది, కాకపోతే అది ఒకే ఒంటి మీద వరుసగా పదే పదే ఉంది. రెండు హోమాలజీల మధ్య తేడా ఇదే.

మరి ఒకే మొగ్గ ఒక చోట దవడగా, ఇంకో చోట కాలుగా ఎట్లా పెరుగుతుంది? మా ధర్మవరం మగ్గం చూశావా ఎప్పుడైనా? పడుగు ఒకటే, పట్టు ఒకటే, మగ్గం మీద డిజైన్ నడిపే జకార్డులో ఏ కన్నాల అట్ట ఎప్పుడు పడితే అక్కడ ఆ డిజైన్ లేస్తుంది. పిండంలో ఆ అట్టల పని చేసేవి హాక్స్ జన్యువులు. తప్పు అట్ట పడితే ఏమవుతుందో ఈగల్లో చూశారు. ఒక చోట రావలసిన అవయవం ఇంకో చోట రావడాన్ని విలియం బేట్సన్ 1894లో హోమియోసిస్ అన్నాడు. 1915లో కాల్విన్ బ్రిడ్జెస్‌కు బైథొరాక్స్ అనే పండు ఈగ మ్యూటెంట్, అంటే జన్యువు మారిన ఈగ, దొరికింది. మామూలు ఈగకు రెండే రెక్కలు, వాటి వెనక గుండుసూది తలల్లాంటి హాల్టీర్లు ఉంటాయి. ఎడ్వర్డ్ లూయిస్ ఆ మ్యూటేషన్లనే కలిపి హాల్టీర్ల చోట ఇంకో జత పూర్తి రెక్కలు మొలిచిన నాలుగు రెక్కల ఈగను తయారు చేశాడు. ఆంటెనపీడియా అనే ఇంకో దాంట్లో మీసాలు ఉండాల్సిన చోట రెండు కాళ్ళు తల మీద నిలబడతాయి. సగం కాలు సగం మీసం కాదు, పూర్తి కాలు. మీసం, కాలు లోపల ఒకటే కాకపోతే ఒక్క జన్యువు మార్పుతో అది జరగదు. లూయిస్ 1978లో ఈ పనంతా ఒక వ్యాసంగా రాశాడు, 1995లో ఇంకిద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

నీ రొయ్య బంధువుల్లో కూడా చూశారు. 1997లో అవెరోఫ్, పటేల్ అనే ఇద్దరు రకరకాల క్రస్టేషియన్ల పిండాల్లో, అల్ట్రాబైథొరాక్స్, అబ్డామినల్-ఎ అనే హాక్స్ జన్యువుల ప్రోటీన్లు లేని ఛాతీ ఖండితాల (ఒంటిలో వరుసగా ఉండే భాగాల) మీద మాక్సిల్లిపెడ్లు, ఉన్న ఖండితాల మీద నడిచే కాళ్ళు వస్తున్నాయని చూపించారు. తరవాత పార్హయాలే అనే చిన్న క్రస్టేషియన్‌లో అల్ట్రాబైథొరాక్స్‌ను తగ్గిస్తే నడిచే కాలు రావలసిన చోట మాక్సిల్లిపెడ్ లాంటిది వచ్చింది. నీ అట్ట మీద మూడో మాక్సిల్లిపెడ్‌కూ మొదటి నడిచే కాలుకూ మధ్య ఉన్న అంగుళం దూరంలో జరుగుతున్నది ఇదే.

హంద్రీ ఒడ్డు, కర్నూలు

సార్ చెప్పిన దానికి చిన్న చేర్పు. జెర్రి కరిచింది అంటాం కదా, అది నోటితో కరవదు. ఒంటి మీద మొదటి జత కాళ్ళు విషపు కొండ్లుగా మారి నోటి కిందికి వచ్చి ఉంటాయి, వాటితోనే పొడుస్తుంది. దాని వెనక ఖండితానికి ఒక జత మామూలు కాళ్ళు, పూర్తిగా ఎదిగిన జెర్రికి అవి ఎప్పుడూ బేసి జతలే, 15 నుంచి 191 దాకా. వానలకు బయటపడే రోకలిబండకేమో చూడ్డానికి ఉంగరానికి రెండు జతల కాళ్ళు కనిపిస్తాయి, ఎందుకంటే రెండేసి ఖండితాలు కలిసి ఒక ఉంగరం అయ్యాయి. దవడ కంటే జెర్రి కొండి చూస్తే ఈ విషయం తొందరగా తలకెక్కుతుంది, అది ఇంకా కాలులాగే కనిపిస్తుంది కాబట్టి.

మందల డాక్టరు, ఆదోని

నేను పశువైద్యంలో ఉన్నాను, గొర్రెలు మేకలతోనే రోజంతా. మటన్ అంగడి దగ్గర నిలబడి చూశావంటే సంతోషం తల్లీ, మా కాలేజీలో కూడా ఎముకలు నేర్చుకునేది అట్లాగే.

వెన్నెముక సీరియల్ హోమాలజీకి బంగారం లాంటి ఉదాహరణ. పొట్టేలుకు మెడలో 7 పూసలు, ఛాతీలో 13, నడుములో మామూలుగా 6, ఆ వెనక 4 కలిసిపోయి ఒకే ముక్కగా త్రికం, తరవాత తోక. మెడలో 7 అన్నది మనకూ అంతే, జిరాఫీకీ అంతే, దాదాపు పాలిచ్చే జంతువులన్నిటికీ అంతే, స్లోత్, మనాటీ లాంటి ఒకటి రెండు తప్ప. జిరాఫీ మెడ పొడుగు పూసలు ఎక్కువై కాదు, ఒక్కో పూస సాగి. ప్రతి పూసా అదే వస్తువు, మధ్యలో దిమ్మ, పైన వెన్నుపాము పోయే కన్నం, పక్కలకు కొమ్ములు. అంగడిలో నడుము ముక్క తీసుకున్నప్పుడు రెండు పక్కలకూ బల్లపరుపుగా రెక్కల్లా పొడుచుకొచ్చే ఎముకలుంటాయి, మనం వాటిని పక్కన పెట్టి మాంసం తింటాం. అవి పూసకు అతుక్కుపోయిన పక్కటెముకల లాంటివే.

ఇది ఊరికే చెప్పట్లేదు. గొర్రెల్లో అప్పుడప్పుడు 13 జతల బదులు 14 జతల పక్కటెముకలు కనిపిస్తాయి, నడుములో మొదటి పూస ఛాతీ పూసలాగా ప్రవర్తించిందన్నమాట. ఎలుకల్లో 2003లో వెల్లిక్, కపెక్కీ అనే శాస్త్రవేత్తలు హాక్స్10 రకం జన్యువులన్నిటినీ తీసేసి చూస్తే నడుము పూసలకు కూడా పక్కటెముకలు మొలిచాయి. అంటే పక్కటెముక మొలవడం పూసకు మామూలు గుణం, నడుములో హాక్స్10 జన్యువులు దాన్ని ఆపి ఉంచుతున్నాయి. మనుషుల్లో కూడా నూటికి ఒకరికంటే తక్కువ మందికి మెడ చివరి పూసకు చిన్న పక్కటెముక ఉంటుంది, చాలామందికి ఎక్స్‌రే తీసేదాకా తెలియదు, కొందరికి నరం నొక్కుకుని చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

ఇక కాళ్ళు. ఒక పొరపాటు అందరూ చేస్తారు. పొట్టేలు ముందు కాలుకు మనం మోకాలు అనేది మోకాలు కాదు, మణికట్టు. దాని పైన మోచెయ్యి దాదాపు ఛాతీకి ఆనుకుని ఉంటుంది. వెనక కాలులో వెనక్కి వంగి కనిపించేది మడమ, అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన. ఇది పట్టుకుంటే అన్నీ సరిపోతాయి: ముందు పైన ఒక ఎముక, వెనక పైన ఒక ఎముక, కింద రెండు ఎముకల జత, ఆ కింద చిన్న ఎముకల గుంపు, తరవాత పొడుగాటి ఎముక, వేళ్ళు. వెనక కాలులో ఆ రెండు ఎముకల జతలో ఒకటి గొర్రెకు దాదాపు మాయమైపోయింది, అది చూసి కంగారు పడొద్దు. మణికట్టు కిందా మడమ కిందా ఉన్న పొడుగాటి ఎముక ఒకటిగా కనిపిస్తుంది కానీ రెండు ఎముకలు అతుక్కున్నది. పాయా వండినప్పుడు శుభ్రంగా కడిగి చూడు, ముందు వైపు నిలువునా గాడి, కింది చివర రెండు గుండ్రటి తలలు, ఒక్కో తల కింద ఒక గిట్ట.

చెయ్యి కాలు నుంచా, కాలు చెయ్యి నుంచా అంటే రెండూ కాదు. రెండిటికీ దాదాపు ఒకే జన్యువుల సరంజామా. ముందు మొగ్గలో టీబీఎక్స్5, వెనక మొగ్గలో పిట్‌ఎక్స్1, టీబీఎక్స్4 అనే జన్యువులు పనిచేస్తాయి. కొన్ని పావురాలకు కాళ్ళ మీద గుత్తులుగా పొడుగాటి ఈకలు ఉంటాయి, పెంచేవాళ్ళ ఇళ్ళలో చూసి ఉంటావు. 2016లో వాటిని పరిశీలిస్తే కాలు మొగ్గలో పిట్‌ఎక్స్1 తగ్గి, రెక్కలో ఉండాల్సిన టీబీఎక్స్5 పనిచేస్తోంది. కాలు కొంచెం రెక్క వైపు జరిగింది. నాకు ఈ పావురాల సంగతి ఎంత ఇష్టమో, మందకు పోయినప్పుడు కాపర్లకు కూడా చెబుతుంటాను.

పెన్న ఇసుక, ప్రొద్దుటూరు

డాక్టరు గారు చెప్పినవి నిజమే. కానీ చేతులూ కాళ్ళ దగ్గర కొంచెం ఆగి ఆలోచించమంటాను. రొయ్య కాళ్ళ సంగతి, పూసల సంగతి వేరు, అవి ఒంటి ఖండితాలతో పాటు వరుసగా వచ్చినవి. చేతులూ కాళ్ళూ అట్లా కాదు. వాటికి మూలం చేపల ఈదే రెక్కలు. శిలాజాల్లో ముందు వైపు జత రెక్కలే మొదట కనిపిస్తాయి, ఆస్టియోస్ట్రాకన్లు అనే దవడల్లేని పాత చేపలకు ముందు జతే ఉంది, వెనక జత లేదు. తొలి చేపల్లో ముందు రెక్క లోపలి ఎముకలూ వెనక రెక్క ఎముకలూ ఇప్పటి మన చెయ్యి కాలంత దగ్గరి పోలికతో లేవు. అందుకే కొందరు అనాటమిస్టులు, ఈ రెండిటి పోలికలో చాలా భాగం, ముఖ్యంగా కండరాల్లో, తరవాత ఒకే జన్యువుల సరంజామా వాడుకోవడం వల్ల వచ్చిందని వాదిస్తారు. నాకు ఆ వాదన బలంగానే కనిపిస్తుంది.

పోలిక కనిపించిందని వెంటనే ఒకటే అనేస్తే ఏమవుతుందో చరిత్రలో ఉంది. తల పుర్రె కూడా కొన్ని పూసలు కలిసి అయిందని జర్మన్ కవి గోథే అనుకున్నాడు, ఓకెన్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త 1807లో రాశాడు, ఓవెన్ కూడా దాన్నే పట్టుకున్నాడు. 1858లో హక్స్‌లీ అనే ఇంగ్లీషు జీవశాస్త్రవేత్త పిండాల్లో పుర్రె ఎట్లా తయారవుతుందో చూపించి దాన్ని పడగొట్టాడు. పుర్రె వెనక భాగం వరకు పూసల మాదిరి ఖండితాల నుంచే వస్తుంది, మిగతాది అట్లా కాదు. అంటే గోథే అనుకున్నది పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. కాబట్టి ఎక్కడైనా సీరియల్ హోమాలజీ అని వింటే పిండంలో ఎట్లా మొదలైంది, శిలాజాల్లో ఏ వరుసలో వచ్చింది, ఈ రెండూ అడుగు.

పడుగు పేక, అనంతపురం

ప్రొద్దుటూరు మిత్రులు చెప్పింది సబబు. పరీక్షలో చేతులు కాళ్ళు రాస్తే తప్పు కాదమ్మా, పుస్తకాల్లో అట్లాగే ఉంది. కానీ నిన్ను ఎవరైనా గట్టిగా అడిగితే రొయ్యనూ పూసలనూ ముందు పెట్టు.

బుగ్గవంక, కడప

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ఈ వారం రోజులు ఇదే పని చేశాను.

ముందు అట్ట సంగతి. సార్ చెప్పినట్టు లెన్స్ పెట్టి చూస్తే కుడి మాండిబుల్‌కు పాల్ప్ లేదు, నేనే దులిపేసినట్టున్నాను. ఎడమ దానికి ఉంది. మూడు కణుపులు, చివరిది కొంచెం వెడల్పు, అంచున సన్నటి నూగు. దాన్ని చూసి పక్కనే ఉన్న నడిచే కాలు చూస్తే నాకు మొదటిసారి రెండూ ఒకే చూపులో కలిసి కనిపించాయి. ఆ రాయి ముక్క కాలు కాదు, కాలు మొదలు. ఇన్ని రోజులు నేను పూర్తి దవడను పూర్తి కాలుతో పోల్చుతూ కూర్చున్నాను, అందుకే కుదరలేదు. మేడమ్‌కు చూపిస్తే రికార్డులో ఆ పాల్ప్ బొమ్మ విడిగా, పెద్దగా వెయ్యమన్నారు.

ఆదివారం అంగడన్నను అడిగి ఒకే పొట్టేలు నాలుగు కాళ్ళూ, ముందువి వెనకవి కలిసిపోకుండా ముందు వాటికి దారం కట్టి తెచ్చుకున్నాను. అమ్మ పాయా చేసింది, తిన్నాక ఎముకలు మళ్ళీ ఉడకబెట్టి, బ్రష్‌తో రుద్ది, మిద్దె మీద ఎండబెట్టాను. దారం ఉన్న రెండూ కాస్త పొట్టి, వెనక వైపు చదునుగా ఉన్నాయి. దారం లేనివి కొంచెం పొడుగు, అడ్డంగా చూస్తే నాలుగు పలకలుగా అనిపిస్తాయి. గాడి నాలుగింటికీ ఉంది, కింద రెండు తలలూ నాలుగింటికీ ఉన్నాయి. దారం విప్పేసి కలిపేసి తమ్ముణ్ణి ముందువి ఏవో చెప్పమంటే వాడు రెండుసార్లు తప్పు చెప్పాడు, మూడోసారి పట్టుకున్నాడు.

ప్రొద్దుటూరు అన్న చెప్పిన ఆస్టియోస్ట్రాకన్ల బొమ్మలు కూడా చూశాను, నిజంగానే ముందు జత ఒక్కటే ఉంది. దాని మీద ఇంకా చదవాలి, ఆ విషయంలో ఇప్పుడే ఏదీ తేల్చుకోను.

అంగడన్న వచ్చే ఆదివారం మెడ కొట్టకుండా విడిగా పెడతానన్నాడు. 7 పూసలూ వరుస తప్పకుండా దారానికి గుచ్చాలని ఉంది. డాక్టరు గారూ, మెడ పూసల పక్కన కొమ్ముల్లో చిన్న కన్నాలు ఉంటాయని చదివాను, పొట్టేలుకు ఏ పూస నుంచి ఏ పూస దాకా ఉంటాయో చెప్తారా? అవి చూసి వరుస గుర్తుపట్టొచ్చేమో అని.